ఆయిల్ బర్నర్: వెలిగే క్రమం, మండే తీరు, ఆరే పద్ధతి

ద్రవ ఇంధనాన్ని తుంపరగా మార్చి, గాలితో కలిపి, అదుపులో మండించే యంత్రం ఆయిల్ బర్నర్. నీళ్లు కాచే బాయిలర్లకు, ఆవిరి బాయిలర్లకు, ఇళ్లలోకి వెచ్చని గాలి పంపే ఫర్నేసులకు, లోహాలు కరిగించే కొలుములకు దీన్ని బిగిస్తారు. అమెరికాలో దాదాపు 50 లక్షల ఇళ్లు చలికాలంలో నూనెతోనే వెచ్చబడతాయి. వాటిలో ఐదింట నాలుగు వంతులు న్యూయార్క్, మసాచుసెట్స్, కనెక్టికట్, పెన్సిల్వేనియా వంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. అక్కడ పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు కూడా నేలమాళిగలో గుయ్‌మనే ఈ యంత్రంతో పరిచయం తప్పదు. మన దగ్గర ఇళ్లలో దీనితో పని లేదు. ఫ్యాక్టరీ బాయిలర్లలో, థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో మాత్రం దీని అవసరం ఎక్కువ.

మంట నిలకడగా ఉన్నంతసేపు బర్నర్ వల్ల పెద్ద ప్రమాదం ఉండదు. మంట లేకుండా నూనె లోపలికి పోయే సెకన్లే ప్రమాదకరమైనవి. ఆ నూనె ఆవిరై గాలితో కలిసి నిలిచిపోతే, తర్వాత తగిలిన నిప్పుకు ఒక్కసారిగా అంటుకుంటుంది. బర్నర్ వెలిగే క్రమం, ఆరే క్రమం, మధ్యలోని తనిఖీలు అన్నీ ఆ సెకన్లను వీలైనంత తగ్గించడానికి ఏర్పడ్డవే.

నూనె, తుంపర, గాలి

డీజిల్ జాతి నూనె ద్రవరూపంలో మండదు. దాని ఆవిరే మండుతుంది. పంపు స్టవ్వు వాడిన తరానికి ఇది తెలిసిన సంగతే. ముందు గిన్నెలో కాస్త కిరోసిన్ వెలిగించి బర్నరు తలను కాల్చితేగాని లోపలి కిరోసిన్ ఆవిరై నీలిమంటగా మారదు. ఆయిల్ బర్నర్ వేరే దారి పట్టింది. నూనెను ముందే కాచి ఆవిరి చేయకుండా, అతి చిన్న బొట్లుగా చిమ్ముతుంది. బొట్టు ఎంత చిన్నదైతే బరువుతో పోల్చినప్పుడు దాని ఉపరితలం అంత ఎక్కువ, అంత త్వరగా ఆవిరవుతుంది.

ఆ పని చేసేది నాజిల్. పంపు ఒత్తిడితో వచ్చిన నూనె నాజిల్ లోపలి వాలు గాళ్ల గుండా సుడి తిరిగి, కొన మీది సన్నని రంధ్రం నుంచి శంకువు ఆకారంలో చిమ్ముకొస్తుంది. చదరపు అంగుళానికి 100 పౌండ్లు, అంటే దాదాపు 7 బార్ల ఒత్తిడి దగ్గర ఒక అమెరికన్ గ్యాలన్ నూనె సుమారు 5,500 కోట్ల బొట్లుగా విడిపోతుందని నాజిల్ తయారీదారుల లెక్క. ఆ బొట్ల వ్యాసం 5 నుంచి 250 మైక్రాన్ల దాకా ఉంటుంది. నాజిల్ మీద మూడు వివరాలు ఉంటాయి: గంటకు ఎన్ని గ్యాలన్లు, శంకువు కోణం ఎన్ని డిగ్రీలు, తుంపర లోపల బోలుగా ఉంటుందా నిండుగా ఉంటుందా. మంట గోడలను తాకకుండా కొలిమిని నింపాలంటే ఈ మూడూ ఆ కొలిమి ఆకారానికి సరిపోవాలి.

పాత బర్నర్లు 7 బార్ల దగ్గర నడిచేవి. కొత్తవి 10 బార్లకు, కొన్ని అంతకు పైకి వెళ్లాయి. ఒత్తిడి పెరిగితే బొట్లు సన్నబడతాయి, నూనె కూడా ఎక్కువ వస్తుంది. అయితే ఆ పెరుగుదల ఒత్తిడి వర్గమూలం మేరకే ఉంటుంది. 0.85 గ్యాలన్ అని రాసి ఉన్న నాజిల్‌ను 140 పౌండ్ల ఒత్తిడి దగ్గర నడిపితే గంటకు ఒక గ్యాలన్ ఇస్తుంది. అంటే సెకనుకు ఒక మిల్లీలీటరు కంటే కొంచెం ఎక్కువ. దాన్నుంచి పుట్టే వేడి సుమారు 40 కిలోవాట్లు. సెకనుకు ఒక మిల్లీలీటరు అన్న లెక్క ముందు ముందు పనికొస్తుంది.

చల్లబడ్డ నూనె చిక్కబడుతుంది కాబట్టి తక్కువ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. చిన్న నాజిల్‌లో జరిగేది దీనికి తలకిందులు. చిక్కటి నూనె సరిగా సుడి తిరగదు. సుడి తగ్గితే రంధ్రం మధ్యలో ఉండే గాలి గొట్టం ఇరుకై, నూనె ఎక్కువగా, పెద్ద బొట్లుగా వస్తుంది. ఆరుబయట ట్యాంకు ఉన్న ఇళ్లలో గడ్డకట్టే చలి ఉదయాన బర్నర్ ఆలస్యంగా, చప్పుడుతో అంటుకోవడానికి ఇదొక కారణం. యూరప్ బర్నర్లలో చాలావాటికి నాజిల్ దగ్గరే చిన్న విద్యుత్ హీటరు ఉంటుంది. అది తగినంత వేడెక్కేదాకా బర్నర్ మొదలు కాదు.

కిలో నూనె పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం 14 కిలోల గాలి కావాలి. లీటరు నూనెకు దాదాపు 10 ఘనపు మీటర్లన్నమాట. కలయిక ఎంత బాగున్నా ప్రతి బొట్టుకూ ఆక్సిజన్ అందదు కాబట్టి 15 నుంచి 25 శాతం అదనంగా ఇస్తారు. గాలి తక్కువైతే మసి, కార్బన్ మోనాక్సైడ్. ఎక్కువైతే వేడి పొగగొట్టం పాలు. బర్నర్ మెకానిక్ నైపుణ్యం చాలావరకు ఈ రెండింటి నడుమ సరైన చోటు పట్టుకోవడంలోనే ఉంది.

భాగాలు

ఇళ్లలో వాడే బర్నర్‌లో ఒకే మోటారు ఫ్యానునూ పంపునూ తిప్పుతుంది. అమెరికాలో నిమిషానికి 3,450 చుట్లు, 50 సైకిళ్ల కరెంటున్న దేశాల్లో 2,800 చుట్లు దాని మామూలు వేగం. గాలి గొట్టం మధ్యలో నాజిల్, దానికి కాస్త పైన రెండు స్పార్కు కడ్డీలు, కొనన గాలిని సుడి తిప్పే పళ్లెం ఉంటాయి. ఈ పళ్లెం మంటను తన ముందే పట్టి ఉంచుతుంది. దాని వాడకం పెరిగాక తక్కువ గాలితో, తక్కువ మసితో మండించడం సాధ్యమైంది. స్పార్కు ట్రాన్స్‌ఫార్మరు 10,000 వోల్టులు, నేటి ఎలక్ట్రానిక్ రకాలు అంతకంటే ఎక్కువ ఇస్తాయి. కడ్డీల మధ్య ఎడం మూడు నాలుగు మిల్లీమీటర్లు. కడ్డీలు తుంపరలో తడవకూడదు, తడిస్తే మసి పట్టి కరెంటు పక్కదారి పడుతుంది. అందుకే వాటిని తుంపరకు ఎడంగా నిలుపుతారు. ఫ్యాను గాలే మెరుపును వంచి తుంపరలోకి నెడుతుంది.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం మీద ఫిల్టరు, మంటల వేడికి సీసం లాంటి మెత్తని లోహం కరిగి తనంతట తానే మూసుకునే ఫైర్ వాల్వు, బర్నర్ దగ్గర విద్యుత్‌తో తెరుచుకునే సొలెనాయిడ్ వాల్వు ఉంటాయి. ఈ సొలెనాయిడ్ కరెంటు పోతే మూసుకునేలా తయారవుతుంది, తెరుచుకునేలా కాదు. కరెంటు పోయినా, తీగ తెగినా, ఫ్యూజు కాలినా నూనె ఆగుతుంది. బర్నర్ మీద ఉన్న ప్రతి భద్రతా పరికరానికీ ఇదే సూత్రం.

కన్ను

మంట ఉందో లేదో యంత్రానికి తెలియాలి. తొలినాళ్ల ఇంటి బర్నర్లలో పొగగొట్టంలో పెట్టిన రెండు లోహాల పట్టీ ఆ పని చేసేది. వేడికి అది వంగితే మంట ఉన్నట్టు. పొగగొట్టం వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి మంట రాకపోయినా నూనె చాలాసేపు పోతూనే ఉండేది.

దాని స్థానంలో వచ్చింది కాడ్మియం సల్ఫైడ్ ఫొటోసెల్. చీకట్లో దీని నిరోధం 50,000 ఓమ్‌లకు పైగా ఉంటుంది. పచ్చటి నూనె మంట వెలుగు పడగానే వెయ్యి ఓమ్‌ల దిగువకు పడిపోతుంది. ఈ మార్పు తక్షణం జరుగుతుంది కనుక బర్నర్‌ను నడిపే నియంత్రణ పెట్టె మంట కోసం వేచి ఉండాల్సిన కాలాన్ని 45 సెకన్లకు, ఆపై 30కి, ఇప్పుడు 15కు కుదించగలిగారు. ఒక గ్యాలన్ నాజిల్ లెక్కలో చూస్తే, మంట రాని ప్రతి ప్రయత్నంలో కొలిమిలోకి పోయే నూనె సుమారు 47 మిల్లీలీటర్ల నుంచి 16కు తగ్గింది. నా దృష్టిలో ఇంటి బర్నర్ చరిత్రలో ప్రాణాలు కాపాడిన మార్పు ఇదే, సామర్థ్యం పెంచిన మార్పులన్నీ దీని తర్వాతే.

నీలిమంటతో మండే బర్నర్లకు ఈ సెల్ పనికిరాదు. వాటికి అతినీలలోహిత కిరణాలను గానీ, మంట రెపరెపలను గానీ పసిగట్టే స్కానర్లు పెడతారు. రెపరెపలను గమనించే రకానికి ఒక ప్రత్యేక గుణం ఉంది: ఎర్రగా కాలిన ఇటుక గోడను చూసి మంట అని పొరబడదు, ఎందుకంటే గోడ వెలుగుతుందే గాని రెపరెపలాడదు.

మొదలయ్యే క్రమం

గది చల్లబడి థర్మోస్టాట్ వేడి అడుగుతుంది, లేదా బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. ఆ పిలుపు నేరుగా బర్నర్‌కు చేరదు. నీటి వేడి హద్దు దాటలేదని లిమిట్ స్విచ్, నీళ్లు తగినన్ని ఉన్నాయని నీటిమట్టం స్విచ్ ఒప్పుకోవాలి. ఇవన్నీ ఒకే తీగ మీద వరుసగా ఉంటాయి, ఏ ఒక్కటి కాదన్నా కరెంటు ముందుకు పోదు.

అప్పుడు నియంత్రణ పెట్టె మొదట చేసే పని తన కన్నును తానే పరీక్షించుకోవడం. ఇంకా ఏమీ వెలగలేదు కాబట్టి ఫొటోసెల్ చీకటిని చూడాలి. వెలుగు కనిపించిందంటే సెల్ చెడిపోయిందనో, లోపల ఏదో మండుతోందనో అర్థం. రెంటిలో ఏదైనా బర్నర్ మొదలు కాదు. మంట లేనప్పుడు ఉందని చెప్పే కన్ను, ఉన్నప్పుడు లేదని చెప్పే కన్ను కంటే ఎంతో ప్రమాదకరమైనది.

పరీక్ష దాటాక మోటారు తిరుగుతుంది, స్పార్కు మొదలవుతుంది, సొలెనాయిడ్ మాత్రం మూసే ఉంటుంది. ఇంటి బర్నర్లలో పది పదిహేను సెకన్ల పాటు గాలి ఒక్కటే వీస్తుంది. మెకానిక్‌లు దీన్ని ప్రీ-పర్జ్ అంటారు. దీని వల్ల మూడు ప్రయోజనాలున్నాయి. పోయినసారి మిగిలిన ఆవిరి బయటికి పోతుంది. పొగగొట్టంలో లాగుడు ఏర్పడుతుంది. ఫ్యాను, పంపు పూర్తి వేగం అందుకుంటాయి. మూడోది చాలామందికి తట్టదు. పంపు వేగం అందుకోకముందే నూనె వదిలితే తుంపర బొట్లు లావుగా ఉంటాయి, ప్రతి ప్రారంభంలోనూ ఇంత మసి చేరుతుంది.

తర్వాత సొలెనాయిడ్ తెరుచుకుంటుంది. ఈ క్షణం నుంచే గడియారం లెక్క మొదలు. ఆరోగ్యంగా ఉన్న బర్నర్‌లో మంట రెప్పపాటులో వస్తుంది. అమెరికా కొత్త పెట్టెల్లో 15 సెకన్లలోపు, యూరప్ ప్రమాణం ప్రకారం చిన్న బర్నర్లలో 10 సెకన్లలోపు కన్ను మంటను చూడాలి. గంటకు 30 కిలోలకు మించి మండించే వాటికి యూరప్‌లో ఈ గడువు 5 సెకన్లే. గంటకు 500 కిలోలు తాగే ఫ్యాక్టరీ బర్నర్ సెకనుకు 140 గ్రాములు చిమ్ముతుంది. దానికి పాతకాలపు 45 సెకన్లు ఇస్తే కొలిమిలో 6 కిలోల నూనె పోగవుతుంది. యంత్రం పెద్దదయ్యేకొద్దీ గడువు ఎందుకు తగ్గాలో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

మంట రుజువైన వెంటనే చాలా పెట్టెలు స్పార్కును ఆపేస్తాయి. మంట నడిచినంతసేపూ స్పార్కును కొనసాగించే పాత పద్ధతి మంచిది కాదు. అది సరిగా నిలవని మంటను బలవంతంగా నిలబెట్టి లోపాన్ని దాచిపెడుతుంది.

నడుస్తున్నప్పుడు

నిలకడగా మండుతున్న బర్నర్‌లో చూడాల్సినవి లాగుడు, పొగ, వాయువుల నిష్పత్తి, పొగగొట్టం వేడి. మెకానిక్ పొగగొట్టంలోంచి వడకాగితం గుండా కొంత వాయువును లాగి, కాగితం మీది మరకను సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న కొలపట్టీతో పోల్చి చూస్తాడు. సున్నా, లేదా లీలగా కనిపించే మరక ఉండాలి. మంటను కంటితో చూసి గాలి సరిచేయడం సరికాదు. ముచ్చటగా కనిపించే మంట కూడా కాగితాన్ని నల్లబరచవచ్చు. సున్నా పొగ వచ్చిన చోటే గాలి తలుపు బిగించేస్తే చాలదు. కార్బన్ డయాక్సైడ్ ఒకటి ఒకటిన్నర శాతం తగ్గేలా ఇంకొంచెం గాలి తెరిచి వదలాలి. ఫిల్టరు మూసుకున్నా, ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టినా, చలి ముదిరినా మసి కట్టకుండా కాపాడేది ఆ కాస్త వెసులుబాటే.

మసి వల్ల నష్టం రెండు విధాలు. బాయిలర్ గొట్టాల మీద 3 మిల్లీమీటర్ల మసి పేరుకుంటే ఇంధన ఖర్చు రెండున్నర శాతం పెరుగుతుందని మన ఇంధన సామర్థ్య సంస్థ, బి.ఇ.ఇ., తన శిక్షణ గ్రంథాల్లో చెబుతుంది. దారి మూసుకుపోతే కాలిన వాయువులు వెనక్కి తన్ని గదిలోకి వస్తాయి. ఇది మొదటిదాని కంటే తీవ్రమైనది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నూనె బర్నర్ ఉన్న ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం లేకపోతే ఈ వ్యాసంలో చెప్పిన మిగతా జాగ్రత్తలేవీ దాని లోటు తీర్చలేవు.

నడుస్తుండగా మంట ఆరితే కన్నుకు చీకటి కనిపిస్తుంది, సొలెనాయిడ్ మూసుకుంటుంది. నేటి పెట్టెలు నిమిషం దాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి మొత్తం క్రమం నడుపుతాయి. ట్యాంకు నుంచి గాలి బుడగ వచ్చి మంట ఆరితే ఈ రెండో ప్రయత్నంతో సర్దుకుంటుంది. ట్యాంకు అడుగంటితే సర్దుకోదు.

ఆగే క్రమం

అవసరం తీరగానే సొలెనాయిడ్ మూసుకోవాలి, నూనె కత్తితో కోసినట్టు తెగాలి. ఫ్యాను మాత్రం ఇంకొంతసేపు తిరగాలి. ఈ పోస్ట్-పర్జ్ మిగిలిన పొగను బయటికి నెడుతుంది, కొలిమి వేడి వెనక్కి వచ్చి నాజిల్‌ను కాల్చకుండా చల్లబరుస్తుంది. ఈ సదుపాయం లేని బర్నర్‌లో నాజిల్‌లోపల మిగిలిన నూనె ఆ వేడికి వ్యాకోచించి బొట్లు బొట్లుగా కారుతుంది, నాజిల్ మొనకు బొగ్గు కడుతుంది, ఇంట్లో నూనె వాసన వస్తుంది. పంపు గొట్టంలో గాలి చిక్కుకున్నా ఇదే జరుగుతుంది. మోటారు ఆగాక ఒత్తిడికి లోనైన గాలి సాగి నూనెను బయటికి నెడుతుంది. పొగగొట్టం లేకుండా గోడ గుండా వాయువులు పంపే ఏర్పాట్లలో పోస్ట్-పర్జ్ కొన్ని నిమిషాలు సాగుతుంది.

ఇది మామూలు ఆగడం. అత్యవసరమైతే చేత్తో ఆపడానికి అమెరికా ఇళ్లలో నేలమాళిగ మెట్ల పైన ఎర్ర పలక ఉన్న స్విచ్ ఉంటుంది. కిందికి దిగకుండానే ఆపగలగాలని అది మెట్ల పైన పెట్టారు. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ దాన్ని చూపించి ఉంచాలి.

లాకౌట్, ఎర్ర బటన్

గడువులోపు మంట కనిపించకపోతే పెట్టె అన్నిటినీ ఆపి తాళం వేసుకుంటుంది. తనంతట తాను మళ్లీ మొదలు కాదు. మనిషి వచ్చి ఎర్ర రీసెట్ బటన్ నొక్కాలి. ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. చలికి వణుకుతున్న మనిషి ఒకసారి నొక్కుతాడు, రాదు. మళ్లీ నొక్కుతాడు. 45 సెకన్ల పాత పెట్టె మీద ఐదుసార్లు నొక్కితే కొలిమి అడుగున పావు లీటరుకు దగ్గరగా నూనె చేరుతుంది. ఆరోసారి స్పార్కు పడిందంటే అదంతా ఒకేసారి అంటుకుంటుంది. తలుపులు ఎగిరిపడతాయి, పొగగొట్టం కీళ్లు ఊడతాయి, ఇల్లంతా మసి కమ్ముతుంది. ఒక్కసారి నొక్కి చూడడం సబబు. రెండోసారి నొక్కే ముందు ట్యాంకులో నూనె ఉందా, వాల్వు తెరిచే ఉందా అని చూడాలి. అప్పటికీ రాకపోతే మెకానిక్‌ను పిలవాలి, ఎన్నిసార్లు నొక్కిందీ అతనికి దాచకుండా చెప్పాలి. కొలిమిలో నూనె ఉందని తెలిస్తే అతను ముందు దాన్ని పీల్చి తీస్తాడు.

ఈ అలవాటు మాన్పలేకనే తయారీదారులు కొత్త పెట్టెల్లో పరిమితి పెట్టారు. వరుసగా మూడుసార్లు లాకౌట్ అయితే బటన్ మామూలుగా పని చేయదు, మెకానిక్ మాత్రమే విడిపించగలడు.

ఫ్యాక్టరీల్లో ఇంతకంటే చెడ్డ అలవాటు ఉంది. ఫొటోసెల్‌ను బయటికి తీసి టార్చిలైటు చూపించి బర్నర్‌ను నడపడం, నీటిమట్టం స్విచ్ తీగలు కలిపేయడం. షిఫ్టు ఆగకూడదన్న ఒత్తిడిలో చేసే పనే అయినా, అలా కన్ను మూసిన బర్నర్ ముందు నిలబడే బాయిలర్ అటెండెంటు ప్రాణానికి పూచీ ఎవరూ ఇవ్వలేరు. 1923 నాటి ఇండియన్ బాయిలర్స్ చట్టం స్థానంలో 2025లో వచ్చిన బాయిలర్స్ చట్టం కింద కూడా బాయిలర్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ, ధ్రువపత్రం తప్పనిసరి. కానీ ఏడాదికోసారి వచ్చే తనిఖీ రోజూ జరిగే ఈ పనిని పట్టుకోలేదు.

ఫర్నేస్ ఆయిల్

ఫ్యాక్టరీల్లో డీజిల్‌కు బదులు వాడే ఫర్నేస్ ఆయిల్ తారులా చిక్కగా ఉంటుంది. ట్యాంకులో వెచ్చబెడితేనే కదులుతుంది, బర్నర్ దగ్గర 100 డిగ్రీల ప్రాంతానికి కాచితేనే తుంపరవుతుంది. అందుకే ఈ బర్నర్లలో నూనె వేడి చాలకపోతే మొదలు కానివ్వని స్విచ్ అదనం. ఆపే ముందు వేడి నూనెను గొట్టాల్లో తిప్పుతూ ఉండాలి, లేదా తేలికపాటి నూనెతో గొట్టాలు కడగాలి. మరిచిపోతే మర్నాటికి గొట్టమంతా గడ్డకట్టి ఉంటుంది. ఇలాంటి బరువు నూనెను మండించడం కొత్త విద్యేమీ కాదు. 1880ల్లోనే రష్యాలోని గ్రాజీ–త్సారిత్సిన్ రైలుమార్గం మీద థామస్ అర్కర్ట్ అనే ఇంజనీరు బాకు నూనె శుద్ధిలో మిగిలిన మడ్డితో, ఆవిరి ఊదే బర్నర్లు పెట్టి ఇంజన్లు నడిపించాడు.

థర్మల్ కేంద్రాల్లో ఆయిల్ గన్

రామగుండం, సింహాద్రి, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల బాయిలర్లు బొగ్గుతో నడుస్తాయి, కానీ బొగ్గుపొడిని చల్లని కొలిమిలో నేరుగా వెలిగించలేరు. ముందు నూనె చిమ్మి మండించే ఆయిల్ గన్‌లు వెలిగించి కొలిమిని కాచాలి. లోడు బాగా తగ్గి మంట ఊగిసలాడినప్పుడు కూడా ఆయిల్ సపోర్టు ఇస్తారు.

ఇక్కడ క్రమం అదే, కొలత మారుతుంది. పర్జ్ పదిహేను సెకన్లు కాదు, కనీసం 5 నిమిషాలు, పూర్తి గాలిలో పావు వంతుకు తగ్గకుండా. ఆ 5 నిమిషాల్లో ఏ ఒక్క షరతు తప్పినా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. మంటలన్నీ ఆరినా, గాలి ఫ్యాన్లు ఆగినా, కొలిమి ఒత్తిడి హద్దు మీరినా ఇంధనమంతా ఒక్కసారిగా తెగిపోతుంది. కంట్రోల్ రూంలో దీన్ని ఎం.ఎఫ్.టి. (మాస్టర్ ఫ్యూయెల్ ట్రిప్) అంటారు. ఆ తర్వాత మళ్లీ పర్జ్ పూర్తయితేగాని ఏ వాల్వూ తెరుచుకోదు.

గన్‌ను మామూలుగా ఆపేటప్పుడు దానిలో మిగిలిన నూనెను ఆవిరితో కొలిమిలోకి ఊదుతారు. ఊదుతున్నంతసేపు పక్కన ఇగ్నైటర్ వెలుగుతూ ఉండాలి. ట్రిప్ అయిన గన్‌ను మాత్రం ఊదకూడదు. మంట లేని కొలిమిలోకి ఆ నూనెను పంపినట్టవుతుంది. దాన్ని అలాగే వెనక్కి లాగి, బయట శుభ్రం చేసి, పర్జ్ అయ్యాకే తిరిగి పెడతారు.